తుపాకీ ఆటలు, పిల్లల కోపం: అసలు లంకె ఎక్కడుంది?

విజయవాడలోనైనా గుంటూరులోనైనా పదేళ్లు దాటిన మగపిల్లలున్న ఇళ్లలో ఈమధ్య తరచుగా వినపడే ఫిర్యాదు ఒకటుంది. ఫోన్ తీసుకుంటే చాలు, వాడు మన మాట వినే మనిషి కాదు. తలుపు ధడాలున వేస్తాడు, కంచం తోసేస్తాడు, చెల్లెలి మీద చెయ్యి చేసుకుంటాడు. ఇంతకీ ఆ ఫోన్‌లో ఏముందా అని చూస్తే తుపాకులు, బాంబులు, ఒకళ్లనొకళ్లు చంపుకోవడం. ఇంకేముంది, కారణం దొరికిపోయినట్టే అనిపిస్తుంది. రోజూ చంపే ఆటలు ఆడుతున్నాడు కాబట్టే వీడు ఇలా తయారయ్యాడు. చుట్టాలు అదే అంటారు, ట్యూషన్ మాస్టారు అదే అంటారు, టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లూ అదే అంటారు.

పిల్లవాడి కోపం నిజమే. దానికి ఆటలోని తుపాకీయే కారణమన్న మాట మాత్రం అంత గట్టిగా నిలబడదు. పాతికేళ్లుగా జరిగిన పరిశోధనను దగ్గరగా చూస్తే తుపాకీకి పడే వాటా చాలా చిన్నది. ఆటను తయారుచేసిన తీరు, ఆడే వేళ, మైకులో వినపడే మాటలు, పెద్దవాళ్లు ఫోన్ లాక్కునే పద్ధతి, వీటి వాటా దానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్ల నష్టపోతున్నది పిల్లలే. తుపాకుల గేమ్ డిలీట్ చేయించి, దాని బదులు కార్ రేసో ఫుట్‌బాలో వేయించి ఊపిరి పీల్చుకున్న ఇళ్లలో కూడా రాత్రి ఒంటిగంట దాకా ఆట, పొద్దున్నే చిరాకు మామూలే. అందులో రక్తం కనపడదు గనక ఎవరూ అడగరు.

ఈ గొడవ పెద్దదైంది అమెరికాలో. 1999 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది తోటి విద్యార్థుల్ని, ఒక టీచర్ని చంపారు. వాళ్లు డూమ్ అనే తుపాకుల గేమ్ ఆడేవాళ్లని బయటపడగానే అందరి వేళ్లూ వీడియో గేముల మీదకు తిరిగాయి. క్రెయిగ్ ఆండర్సన్, బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి 2001లో లెక్కగట్టారు. 2010లో ఆండర్సన్ బృందం ఇంకా పెద్ద లెక్క తీసింది. లక్షా ముప్పై వేల మందికి పైగా సమాచారం ఉన్న ఆ లెక్కలో హింసాత్మక ఆటలకీ దూకుడుకీ సంబంధం ఉందని తేలింది. క్రిస్టఫర్ ఫెర్గూసన్ అనే మరో పరిశోధకుడు పిల్లల మీద జరిగిన అధ్యయనాల్ని 2015లో తన పద్ధతిలో లెక్కగట్టి, ప్రభావం ఉన్నా లేనట్టేనని చెప్పారు. ఈ మధ్యలో కాలిఫోర్నియా రాష్ట్రం మైనర్లకు ఇలాంటి గేములు అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో కొట్టేసింది. గేములు ఆడటం వల్లనే పిల్లలు దూకుడుగా మారుతున్నారని ఆ అధ్యయనాలు రుజువు చేయలేకపోయాయని కోర్టు అభిప్రాయపడింది.

ఇంత చదువుకున్నవాళ్లు ఒక మాట మీదకు ఎందుకు రాలేకపోయారు? ల్యాబ్‌లో దూకుడును ఎలా కొలుస్తారో చూస్తే కొంత అర్థమవుతుంది. కాలేజీ కుర్రాడిని కూర్చోబెట్టి కాసేపు ఒక గేమ్ ఆడిస్తారు. తర్వాత పక్క గదిలో ఇంకొకడున్నాడని చెప్పి ఇద్దరి మధ్యా ఒక బటన్ పోటీ పెడతారు. గెలిచినప్పుడు ఓడినవాడి చెవిలో పెద్ద రొద వినిపించవచ్చు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది ఈ కుర్రాడి ఇష్టం. తుపాకుల గేమ్ ఆడినవాడు రొద కాస్త ఎక్కువ పెడితే దూకుడు పెరిగిందని రాసుకుంటారు. ల్యాబ్‌లో కుర్రాళ్లను కొట్టుకోమనలేరు కాబట్టి ఇలాంటి పద్ధతి తప్పదు, నిజమే. అయినా ఒక బటన్ నొక్కిన తీరునుంచి ఆ కుర్రాడు రేపు బందరు రోడ్డు మీద ఎవరితోనో తగాదా పడతాడా లేదా అన్న అంచనాకు వెళ్లడం చాలా పెద్ద గెంతు.

అందుకే పిల్లల్ని నెలలు, ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అలాంటివి 24 కలిపి, 17 వేల మందికి పైగా పిల్లల సమాచారంతో 2018లో ఒక లెక్క వచ్చింది. హింసాత్మక ఆటలు ఆడిన పిల్లల్లో తర్వాతి కాలంలో కొట్లాటలు కొంచెం పెరిగాయని అందులో తేలింది. అయితే పిల్లల పాత స్వభావం, మిగతా పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన సంబంధం 0.08 దగ్గర ఆగింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, పిల్లలకీ పిల్లలకీ మధ్య దూకుడులో కనిపించే తేడాలో ఆటలతో వివరించగలిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. మరుసటి ఏడాది, 2019లో, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ, కార్డిఫ్‌కు చెందిన నెట్టా వైన్‌స్టైన్ ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లలు వెయ్యి మందిని ఎంచుకుని, గేమ్‌లో హింస ఎంత అన్నది పిల్లల మాట మీద వదిలేయకుండా అధికారిక రేటింగుల నుంచి తీసుకున్నారు. ప్రవర్తన ఎలా ఉందో తల్లిదండ్రుల్ని అడిగారు. లెక్క ఎలా వేస్తామో సమాచారం చూడకముందే ప్రకటించి మరీ వేశారు. సంబంధం కనపడలేదు.

అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత తీర్మానాన్ని సవరించి చెప్పిన మాట ఈ రెండు వైపుల్నీ కలుపుతుంది. అరవడం, తోయడం లాంటి చిన్నపాటి దూకుడుతో ఈ ఆటలకు స్వల్పమైన సంబంధం స్థిరంగానే కనిపిస్తోంది. హత్యలు, కాల్పుల లాంటి తీవ్రమైన హింసకు ఆటలే కారణమని చెప్పడానికి తగిన ఆధారం లేదు. గేములు విపరీతంగా ఆడే జపాన్, దక్షిణ కొరియాల్లో హత్యల రేటు ప్రపంచంలోనే తక్కువల్లో ఒకటి అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కాబట్టి ఎక్కడైనా కుర్రాళ్లు కత్తులు దూసుకున్నప్పుడు పబ్జీ లాంటి తుపాకుల గేముల మీదకు నెట్టేసి చేతులు దులుపుకోవడం అన్యాయం. అలా చేస్తే గంజాయి, మందు, ఇంట్లో రోజూ చూసే దెబ్బలు, పాత కక్షలు, ఇవన్నీ విచారణలోంచి జారుకుంటాయి.

మరి ఇంట్లో కనిపించే ఆ కోపం సంగతి? దానికి జవాబు దగ్గరగా తీసుకెళ్లే పరిశోధన 2014లో వచ్చింది. ప్రిజిబిల్‌స్కీతో పాటు రిచర్డ్ ర్యాన్, ఎడ్వర్డ్ డెసీ, స్కాట్ రిగ్బీ కలిసి చేసిన ప్రయోగాలవి. రక్తం చుక్కైనా లేని టెట్రిస్‌ని తీసుకున్నారు, పైనుంచి పడే దిమ్మెల్ని పేర్చే ఆట. కొందరికి మామూలు టెట్రిస్ ఇచ్చారు, ఇంకొందరికి ఎప్పుడూ పనికిరాని దిమ్మెలే పడేలా మార్చి ఇచ్చారు. ఆడేముందు వాళ్ల చేత గడ్డకట్టేంత చల్లని నీళ్లలో చెయ్యి పెట్టించి, తర్వాత వచ్చేవాడి చెయ్యి ఎంతసేపు ఉంచాలో ఆట అయ్యాక మీరే చెప్పండి అన్నారు. చేతకాకుండా చేసిన ఆట ఆడినవాళ్లు ఎక్కువ సెకన్లు చెప్పారు. అదే బృందం ఒక తుపాకుల గేమ్‌ని కూడా రెండు రకాలుగా, హింసతోనూ హింస తీసేసీ ఆడించింది. ఆట రాక ఓడిపోతున్నామన్న ఉడుకుమోత్తనం కోపాన్ని పెంచిందే కానీ హింస ఉందా లేదా అన్నది పెద్దగా పట్టింపు కాలేదు.

ఇప్పుడు మన ఇంట్లో సాయంత్రం ఏం జరుగుతోందో చూడాలి. పబ్జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐలో ఒక మ్యాచ్‌లో వంద మంది దాకా దిగుతారు. పూర్తిగా సాగితే అరగంట. అలాంటిదే ఇంకో గేమ్ ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో యాభై మంది, పావుగంట లోపే. రెండిట్లోనూ ముఖ్యమైన విషయం, పాజ్ ఉండదు. పటమటలో ఉన్న కుర్రాడు స్క్వాడ్‌లో, అంటే నలుగురి జట్టులో, ఆడుతున్నాడనుకుందాం. నలుగురిలో ఒకడు సింగ్‌నగర్‌లో ఉంటాడు, క్లాస్‌మేట్. ఇంకొకడు గుంటూరు కొరిటెపాడు, అత్త కొడుకు. నాలుగోవాడు ఏ ఊరో, ఏ వయసో ఎవరికీ తెలియదు, ఐడీ పేరు ఒక్కటే తెలుసు. మ్యాచ్ ఇరవై అయిదో నిమిషంలో ఉంది. జోన్, అంటే ఆడే చోటు, చిన్నదైపోయింది, మిగిలింది మూడు టీములు. "మామా, నాక్ అయ్యారా, రివైవ్ ఇవ్వు, తొందరగా" అని సింగ్‌నగర్ గొంతు, అంటే దెబ్బతిని పడిపోయాను, వచ్చి లేపమని. వంటింట్లోంచి అమ్మ రెండోసారి పిలుస్తోంది, అన్నం చల్లారిపోతోందని. "రెండు నిమిషాలమ్మా" అన్న మాట అబద్ధం కాదు, నిజంగానే రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. మూడో పిలుపుకి నాన్న లేచొచ్చి ఫోన్ లాక్కుంటాడు. తెరమీద వాడి బొమ్మ కదలకుండా నిలబడి చచ్చిపోతుంది. నాక్ అయినవాడిని లేపేవాళ్లుండరు, టీమ్ పోతుంది, వారమంతా కష్టపడి తెచ్చుకున్న ర్యాంక్ పాయింట్లు మైనస్ అవుతాయి. మర్నాడు స్కూల్లో "నీవల్లేరా" అని నలుగురి ముందు మాట పడాలి.

కాలనీ క్రికెట్‌లో ఆఖరి ఓవర్ ఆడుతున్నవాడి చేతిలోంచి బ్యాట్ లాక్కుంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆ క్షణంలో వాడు కంచం తోసేశాడంటే చేతిలో తుపాకీ ఉన్నందుకు కాదు, పదమూడేళ్లవాడికి పరువు అనిపించేది పదిమందిలో పోయినందుకు. చెల్లెల్ని కొట్టడాన్ని ఇది ఏ రకంగానూ సమర్థించదు. దానికి వాడు జవాబు చెప్పాల్సిందే. కాకపోతే అమ్మానాన్నా రోజూ చేస్తున్న పనిలో మార్చుకోదగ్గది ఒకటి ఇక్కడే ఉంది. గంట లెక్కన టైమ్ ఇస్తే మ్యాచ్ మధ్యలో గంట కొడుతుంది. మ్యాచ్‌ల లెక్కన ఇస్తే, అంటే భోజనానికి ముందు రెండు మ్యాచ్‌లు, ఎనిమిది దాటాక కొత్తది మొదలుపెట్టకూడదు అని ముందే మాట్లాడుకుంటే, లాక్కోవాల్సిన అవసరం చాలావరకు రాదు. ఒప్పుకున్న మాట తప్పితే మర్నాడు ఆట లేదన్నది కూడా అప్పుడే చెప్పేయాలి, కోపంలో కాదు.

రెండోది నిద్ర. దీన్ని మించిన కారణం బహుశా లేదు, దీని మీద ఉన్నంత నిర్లక్ష్యం కూడా ఇంకోదాని మీద లేదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. విజయవాడ, గుంటూరు కార్పొరేట్ చదువులకు పేరుపడ్డ ఊళ్లు. తెల్లారకుండా స్టడీ అవర్, రాత్రి దాకా స్టడీ అవర్. ఆట లేని రోజు కూడా చాలామంది పిల్లలకు ఎనిమిది గంటల నిద్ర దొరకదు. డే స్కాలర్ అయితే రాత్రి పదింటికి పుస్తకం మూశాకే స్నేహితులందరూ ఆన్‌లైన్‌లోకి వస్తారు, ఆట అప్పుడే మొదలవుతుంది. ఆ కాస్త నిద్రలోంచి ఇంకో రెండు గంటలు పోతే మర్నాడు చిన్న మాటకే కస్సుమనడం ఏ పిల్లవాడికైనా సహజం. పెద్దవాళ్లకే నిద్ర చాలకపోతే ఎంత విసుగొస్తుందో తెలుసు కదా. హాస్టల్ పిల్లల సంగతి ఇంకో రకం. అక్కడ ఫోన్ ఉండదు. దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చిన నాలుగు రోజులూ ఆకలిగొన్నట్టు ఫోన్ మీద పడతారు, వెళ్లేరోజు గొడవపడి వెళతారు. ఆ గొడవని గేమ్ తెచ్చిన క్రూరత్వమని రాసేసుకుంటే, నెలల తరబడి ఆటస్థలం మొహం చూడని బతుకు మీదకు ఎవరి దృష్టీ పోదు.

వేసవి సెలవుల్లో ఇది ఇంకా ముదురుతుంది. ఏప్రిల్ చివరినుంచి జూన్ రెండోవారం దాకా సెలవులు, బయట నలభై దాటే ఎండ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బంతి ఆడితే కార్లకు తగులుతుందని వాచ్‌మన్ అరుస్తాడు. ఖాళీ స్థలాలు చాలావాటికి ప్రహరీ గోడలొచ్చాయి. పిల్లలు ఆట మానేయలేదు, ఆడుకునే చోటు మిగిలింది ఫోన్‌లోనే.

మూడోది వినపడేది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్న పిల్లవాడి చెవిలో ఏం పడుతోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఓపెన్ మైక్‌లో ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు తిట్టే బూతులు, అమ్మని అక్కని పట్టుకుని అనే మాటలు, కులం పేరుతో, ఊరి పేరుతో ఎగతాళి. పదకొండేళ్లవాడు ఇంట్లో ఒకరోజు నోరు జారిన మాట గేమ్‌లో గ్రాఫిక్స్ నేర్పింది కాదు, గేమ్‌లో మనుషులు నేర్పింది. పిల్లల ప్రవర్తన మారడంలో పరిశోధకులు తుపాకీకి ఇచ్చినంత శ్రద్ధ ఈ మాటలకు ఇంకా ఇవ్వలేదనే చెప్పాలి. వాయిస్ చాట్‌ను స్నేహితుల వరకే ఉంచే వీలు సెట్టింగుల్లో ఉంటుంది. పక్కన కూర్చుని ఆ ఒక్క మార్పు చేయించినా చాలా తేడా ఉంటుంది.

హింస విషయంలో నిజంగా జాగ్రత్తపడాల్సింది చిన్నపిల్లల దగ్గర. చూసింది చూసినట్టు చేయడం ఆ వయసు స్వభావం. 1961లోనే ఆల్బర్ట్ బండూరా, పెద్దవాళ్లు ఒక గాలి బొమ్మని కొట్టడం చూసిన నర్సరీ పిల్లలు అదే పద్ధతిలో కొడతారని చూపించాడు. 2019లో జస్టిన్ చాంగ్, బుష్‌మన్ చేసిన ప్రయోగం 8 నుంచి 12 ఏళ్ల వాళ్ల మీద. మైన్‌క్రాఫ్ట్ గేమ్‌ను తుపాకీతో, కత్తితో, ఏ ఆయుధమూ లేకుండా మూడు రకాలుగా చూపించి ఆడించి, పేలకుండా చేసిన నిజమైన పిస్టల్ దాచి ఉంచిన గదిలోకి పంపారు. అది కంటపడ్డ పిల్లల్లో తుపాకీ ఆట ఆడినవాళ్లు నూటికి 62 మంది, కత్తి ఆట ఆడినవాళ్లు 57 మంది, ఆయుధం లేని ఆట ఆడినవాళ్లు 44 మంది దాన్ని ముట్టుకున్నారు. మన ఇళ్లలో బీరువాలో పిస్టల్ ఉండదు, సంతోషం. అయినా ఈ లెక్క చెప్పేది ఒకటుంది. అయిదారేళ్ల పిల్లాడు అన్నం తినాలని తాతయ్య ఫోన్‌లో అన్న ఆడే గేమ్ పెట్టివ్వడం మంచి పని కాదు. సినిమాకి సెన్సార్ ఉన్నట్టు ఇక్కడ ముందే చూసి సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు లేదు. ప్లేస్టోర్‌లో గేమ్ పేరు కింద కనిపించే వయసు, తయారుచేసినవాళ్లు నింపిన ప్రశ్నావళిని బట్టి వచ్చేది. అదైనా చూసి డౌన్‌లోడ్ చేసే పెద్దవాళ్లు తక్కువ.

ఇన్ని చిక్కులెందుకు, ప్రభుత్వం బ్యాన్ చేసేస్తే పోతుంది కదా అంటారు. పబ్జీని 2020 సెప్టెంబర్‌లో, ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది నిజమే, కానీ హింస వల్ల కాదు, దేశ భద్రత, సమాచార భద్రత కారణాలతో. పబ్జీ స్థానంలో 2021 జూలైలో బీజీఎంఐ వచ్చింది. 2022 జూలైలో దాన్నీ తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్ పోయినా దాని మ్యాక్స్ రూపం మిగిలింది. పిల్లలు ఒక్కరోజు కూడా ఖాళీగా లేరు. బీజీఎంఐలో 18 ఏళ్ల లోపువాళ్లకు రోజుకి మూడు గంటలే అన్న పరిమితి ఉంది, నాన్న పుట్టినతేదీ కొడితే అది తప్పుకుంటుంది. దక్షిణ కొరియాలో అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా 16 ఏళ్ల లోపు పిల్లలు ఆన్‌లైన్ గేములు ఆడకూడదని 2011లో చట్టం తెస్తే అక్కడి పిల్లలూ అమ్మానాన్నల ఐడీలు వాడారు. పదేళ్లకి, 2021లో, దాన్ని రద్దు చేయాలని ఆ ప్రభుత్వమే నిర్ణయించింది. చైనా అదే ఏడాది శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకానే అని ఇంకా గట్టి నిబంధన పెట్టింది. ముఖం స్కాన్ చేసి మరీ అమలు చేసే ఏర్పాటు అక్కడ ఉంది కాబట్టి పెట్టగలిగింది.

డబ్బు సంగతి కూడా ఇంట్లో గొడవలకు మూలమే. 2025లో వచ్చిన కేంద్ర చట్టం పందెం కాసే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. యూసీ, డైమండ్లు అనే గేమ్ నాణేలు కొని స్కిన్లు, అంటే గేమ్‌లో బొమ్మకీ తుపాకీకీ వేసే కొత్త రూపాలు, తీసుకోవడం పందెం కాదు గనక అది అలాగే ఉంది. అమ్మ ఫోన్‌పే పిన్ తెలిసిన పిల్లవాడు చేసిన టాప్-అప్ నెలాఖరుకి బయటపడి దెబ్బలదాకా వెళ్లిన ఇళ్లున్నాయి. పిన్ మార్చడం అయిదు నిమిషాల పని.

చాలామంది పిల్లలకు ఇంతవరకే అవసరం. కొద్దిమందికి ఇది సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన తన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. అందులో గేమ్ హింసాత్మకమా కాదా అన్న ప్రశ్నే లేదు. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం, చదువు, తిండి, స్నేహితులకంటే ఆటే ముందైపోవడం, నష్టం కళ్లముందు కనిపిస్తున్నా కొనసాగించడం, ఇవి సాధారణంగా ఏడాదిపాటు ఉంటే దాన్ని జబ్బుగా లెక్కిస్తారు. పరిస్థితి తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగక్కర్లేదు. స్కూలుకు వెళ్లడం మానేశాడు, రోజులు తరబడి సరిగా తినడం లేదు, చచ్చిపోతానంటున్నాడు, ఇంట్లోవాళ్లకు దెబ్బలు తగులుతున్నాయి, ఇలాంటప్పుడు ఫోన్ పగలగొట్టడం, బంధువుల ముందు పరువు తీయడం పనికిరావు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. వెంటనే వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయవచ్చు. అది కేంద్రం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఏ గేమ్ ఆడుతున్నాడన్నదానికంటే, ఎన్నింటికి పడుకుంటున్నాడు, ఎప్పటినుంచి ఇలా ఉన్నాడు, అంతకుముందు స్కూల్లోనో ఇంట్లోనో ఏమైనా జరిగిందా అన్నవే అక్కడ ముందుగా చెప్పాల్సినవి.